రిజిస్టర్ ఎవరి చేతిలో ఉంది? స్టూవర్టుపురం నుంచి గిట్ దాకా

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. కంప్యూటర్ కోర్సు వాళ్ల కోసమే కాదు, అందరి కోసం రాస్తున్నా.

ముందు మన కృష్ణా డెల్టా సంగతి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పేరు అందరూ వినే ఉంటారు, ఎక్కువగా సినిమాల వల్ల. ఆ ఊరు ఎలా పుట్టిందో తెలిసినవాళ్లు తక్కువ. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ నడిపే సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టూవర్టుపురం అలా పుట్టిందే. విజయవాడకు ఎదురుగా, కృష్ణ అవతల సీతానగరంలోనూ ఒకటి ఉండేది.

ఆ చట్టం నడిచింది ఒక రిజిస్టర్ మీద. పేరు ఎక్కిస్తారు, వేలిముద్ర తీసుకుంటారు, హాజరు పలకమంటారు. ఆ రిజిస్టర్ ఉండేది జిల్లా పోలీసు సూపరింటెండెంట్ దగ్గర. అందులో తప్పు పడిందని అనిపిస్తే జిల్లా మేజిస్ట్రేట్‌కి మొర పెట్టుకోవాలి. అంటే రాసేది వాళ్లే, దాచేది వాళ్లే, దిద్దేదీ వాళ్లే. 1952లో చట్టం పోయింది. పేరుకి అంటిన మచ్చ మాత్రం అంత త్వరగా పోలేదు.

కంప్యూటర్ చరిత్రలో కూడా ఇదే ప్రశ్న ఉంది: రిజిస్టర్ ఎవరి చేతిలో ఉండాలి?

ప్రోగ్రామ్ రాసేవాళ్లు రోజూ కోడ్ మారుస్తుంటారు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసి పెట్టుకోవాలి కదా. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ దానికోసం ఎస్‌సీసీఎస్ అనే సాఫ్ట్‌వేర్ చేశాడు. తర్వాత సీవీఎస్, సబ్‌వర్షన్ వచ్చాయి. వీటిలో చాలామంది కలిసి పని చెయ్యొచ్చు. కానీ అసలు చరిత్ర అంతా ఒక్క సర్వర్‌లోనే. అది ఎవరిదైతే వాళ్లదే పెత్తనం.

లినక్స్ కెర్నల్ వాళ్లు 2002 నుంచి బిట్‌కీపర్ వాడారు. అది ఒక కంపెనీ సొత్తు. 2005లో ఆ కంపెనీ ఉచిత వాడకం ఆపేసింది. దాంతో లినస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ నెలలో, కొద్ది రోజుల్లోనే గిట్ మొదలుపెట్టాడు. జులైలో దాని బాధ్యత జునియో హమానోకి ఇచ్చాడు.

గిట్‌లో కోడ్ దాచే చోటుని రెపో అంటారు. 'గిట్ క్లోన్' కొడితే ఫైళ్లు మాత్రమే కాదు, మొదటి రోజు నుంచి ఉన్న చరిత్ర మొత్తం మన ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది. ప్రతి మార్పుకి దాని లోపలి విషయం నుంచే లెక్కగట్టిన ఒక గుర్తు ఉంటుంది, దానికి ముందు మార్పు గుర్తు కూడా అందులో కలుస్తుంది. ఎవరైనా పాత పేజీని చాటుగా దిద్దితే ఆ తర్వాతి గుర్తులన్నీ మారిపోతాయి. నీ కాపీకి, వాళ్ల కాపీకి పొంతన కుదరదు, దొరికిపోతారు. రిజిస్టర్ అందరి దగ్గరా ఉన్నట్టు.

అయితే మొత్తం చరిత్ర మోసుకెళ్లాలంటే రెపో మరీ పెద్దదైతే కష్టం. అందుకే పెద్ద పనులను ముక్కలు చేసుకున్నారు. ఆండ్రాయిడ్ కోడ్ వందల రెపోల్లో ఉంటుంది. అన్నిటినీ ఒకేసారి తేవడానికి గూగుల్ వాళ్లు 'రెపో' అనే పేరుతోనే ఒక టూల్ చేశారు. మానిఫెస్ట్ అనే ఒక జాబితా ఫైలులో ఏ రెపో ఎక్కడుందో రాస్తారు. 'రెపో సింక్' అంటే అన్నీ తాజా అవుతాయి. 'రెపో స్టేటస్' అంటే ఎక్కడ ఏం మారిందో చూపిస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర చూడండి, నిలిపేది ఒక్క చోటే, కానీ ఏలూరు కాలువకి, బందరు కాలువకి వేరు వేరు తూములు. ఒకటి బాగు చెయ్యాలంటే అన్నీ కట్టెయ్యక్కర్లేదు.

ఇది మనకెందుకు అంటారా? సవర భాషకి మంగే గొమాంగో 1936లో సోరా సోంపెంగ్ లిపి చేశాడు. అది యూనికోడ్‌లోకి వచ్చింది 2012లో. మసారం గోండి 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరున్న గుంజాల గోండి 2018లో వచ్చాయి. తెలుగు 1991లోనే ఉంది. నోటో ఫాంట్ల ప్రాజెక్టులో ఈ మూడు లిపులకీ విడివిడి రెపోలు ఉన్నాయి. అక్షరం వంకర సరిగ్గా లేదని మన పిల్లలే అక్కడ చెప్పొచ్చు, దిద్ది పంపొచ్చు. ఒప్పుకోవడం వాళ్ల ఇష్టమే, కానీ మన కాపీలో మనం దిద్దుకుంటే ఆపేవాళ్లు లేరు.

నేను అనేది ఒకటి. కోయ, కువి, సవర, ఎరుకల, ఒక్కో భాషకి ఒక్కో మాటల రెపో పెడదాం. ఆ భాష వాళ్లే దాన్ని చూసుకోవాలి. పైన అన్నిటికీ కలిపి ఒక జాబితా ఫైలు. పెద్ద టూల్ కూడా అక్కర్లేదు. ల్యాబ్‌లో నల్ల తెర తెరిచి, ప్రతి ఫోల్డర్‌లోకి వెళ్లి 'గిట్ పుల్' చెయ్యమని ఒక ఫర్ లూప్ రాస్తే నాలుగు భాషలూ ఒకేసారి వస్తాయి. నెట్ లేనప్పుడు కూడా చరిత్ర మన దగ్గరే ఉంటుంది. సెలవులకి పెన్‌డ్రైవ్‌లో ఊరికి తీసుకెళ్లొచ్చు.

రెండు జాగ్రత్తలు. గిట్‌లో పేరు ఎవరిది కొడితే అదే పడుతుంది, కాబట్టి సంతకం పెట్టే పద్ధతి కూడా నేర్చుకోవాలి. ఇంకోటి పెద్దది. కాపీ అందరి చేతికీ వెళ్లాక వెనక్కి రాదు. మన బలం అదే, ప్రమాదమూ అదే. కొలుపు పాటలు, మందు చెట్ల గుట్టు, ఇలాంటివి పెద్దవాళ్లని అడగకుండా ఎక్కించకూడదు. మన సంగతి మన మాట లేకుండా రాయడం ఏమిటో స్టూవర్టుపురం చూసింది. ఆ పని మనమే మన పెద్దలకి చెయ్యకూడదు.

ఏ భాష ఎవరు చూసుకుంటారో చెప్పండి. ముందు వంద మాటలు చాలు. జోహార్.