నగిషీ: ఒక మాట పుట్టుపూర్వోత్తరములు

పాత యిండ్ల ద్వారబంధములపై లతలు, హంసలు, పద్మములు ఉబ్బెత్తుగా లేచి కనబడును. వడ్రంగి చుట్టునున్న కొయ్యను తొలగించి పువ్వును పైకి తేల్చును. పెంబర్తి పనివారు ఇత్తడి రేకును వెనుకనుండి కొట్టి బొమ్మను ముందునకు ఉబ్బింతురు. ఇట్టి అలంకారపు పనిని మనము నగిషీ యందుము.

"నగ" యనగా ఆభరణము గనుక, నగవలె అందమిచ్చునది నగిషీ యని తోచవచ్చును. వినుటకు ఇంపుగా నున్నను అది సరికాదు. ఈ మాటకు మూలము అరబ్బీ. ఆ భాషలో "నక్ష్" అనగా చెక్కుట, రంగులతో చిత్రించుట. ఆ పని చేయువాడు "నక్కాష్". పారసీకమున అతని వృత్తి "నక్కాషీ". మన నోట ద్విత్వము పోయి, కకారము గకారమై, నగిషీ యైనది. ఈ మార్పు వింత కాదు. అరబ్బీ "నక్ద్" మన పద్దులలో "నగదు" కాలేదా! నిర్మల, చేర్యాల చిత్రకారులకు నకాషీలను పేరును ఇందుండి వచ్చినదే. అంతేకాదు, పొలముల హద్దులు చూపు గ్రామ నక్షా కూడ ఈ మాటకు తోబుట్టువే.

కుతుబ్‌షాహీలు గోలకొండ నేలిన 1518–1687 నడుమను, పిదప నిజాముల కాలమునను, దర్బారులో పారసీకమునకు గౌరవ ముండెను. లెక్కలకు, భూములకు, వృత్తులకు సంబంధించిన మాటలెన్నో ఆ దారిని తెలుగున చేరినవి.

పేరు ఎరువు తెచ్చుకొన్నదేగాని పని ఎరువు కాదు. అమరావతి స్తూపపు సున్నపురాతి పలకలపై సుమారు 1800 ఏండ్లకు పూర్వమే మన శిల్పులు బుద్ధుని కథలను ఉబ్బెత్తుగా మలచిరి. అన్ని వైపుల నిండుగా మలచినది చిత్రమనియు, సగము మాత్రము పైకి లేచినది అర్ధచిత్రమనియు శిల్పశాస్త్రములు చెప్పును. శాస్త్రమున అర్ధచిత్రము నిలిచినది. జనుల నోట నగిషీ నిలిచినది.

నేడు పాత ద్వారబంధములు అమ్ముడుపోవుచున్నవి, కొన్ని వంటచెరకగుచున్నవి. వస్తువు పోయిన యింట మాటకు పని యుండదు. కావున పాఠకులకు నా మనవి యొక్కటే. తలుపు ఊడదీయక ముందు, ఆ తీగకు, ఆ మొగ్గకు, ఆ ఉలికి పేరేమని ఊరి పెద్ద వడ్రంగి నడిగి వ్రాసికొనుడు. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాపాడిన మన గ్రంథాలయమున ఆ కాగితమునకును చోటు గలదు.