వైట్ టౌన్ నుంచి రెండు పార్లమెంటులకు

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో భారతి పార్కు చెంతనే రాజ్ నివాస్, శాసనసభ ఉన్నాయి. రెండు దేశాల ఎగువ సభలకు ప్రతినిధులను పంపిన పట్టణమిది.

ఫ్రాన్సు 1875 నాటి రాజ్యాంగ చట్టం ద్వారా ఫ్రెంచి ఇండియాకు సెనేట్‌లో ఒక స్థానం కల్పించింది. దిగువ సభలో మరొకటి ఉండేది. దిగువ సభ సభ్యుణ్ణి ఓటర్లు నేరుగాను, సెనేటరును స్థానిక మండళ్ల ప్రతినిధులు పరోక్షంగాను ఎన్నుకొనేవారు. పారిస్‌లో ఇద్దరు సభ్యులున్నా, వలసను పాలించింది మాత్రం పారిస్ పంపిన గవర్నరే.

1954 నవంబరు 1న పరిపాలన భారత్ చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైంది. అదే ఏడాది 14వ రాజ్యాంగ సవరణ పుదుచ్చేరికి రాజ్యసభలో ఒక స్థానం ఇచ్చింది. లోక్‌సభలోనూ ఒకటే దక్కింది. 1951లో పారిస్ సభకు ఎన్నికైన ఎడ్వర్డ్ గుబేర్, 1963లో పుదుచ్చేరి తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

రాజ్యసభను రాష్ట్రాల సభ అంటారు. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలు. పుదుచ్చేరి రాష్ట్రం కాదు. అయినా శాసనసభ ఉన్నందున ఒక స్థానం దక్కింది. శాసనసభ లేని చండీగఢ్‌కు, లక్షద్వీప్‌కు అదీ లేదు. ఎన్నికైన 30 మంది శాసనసభ్యులు ఆ ఒక్కరినీ ఎన్నుకుంటారు. కేంద్రం నియమించే ముగ్గురికి ఈ ఎన్నికలో ఓటు లేదు.

అయితే సభలో కుర్చీ దక్కినంత మాత్రాన రాష్ట్ర హక్కులు దక్కవు. రాజ్యాంగ సవరణలను ధ్రువీకరించే అధికారం రాష్ట్ర శాసనసభలకే ఉంది. సరిహద్దుల మార్పు విషయంలోనూ అంతే. గోదావరి తీరాన ఉన్న తెలుగు యానాంను ఆంధ్రప్రదేశ్‌లో కలపాలని పార్లమెంటు ఎప్పుడైనా తలపెడితే, మూడవ అధికరణం ప్రకారం ఆంధ్రప్రదేశ్ శాసనసభ అభిప్రాయం కోరాలి. యానాం సభ్యుడు కూర్చునే పుదుచ్చేరి శాసనసభను అడగవలసిన పనిలేదు. ఎందుకంటే ఆ నిబంధనలో రాష్ట్రమంటే కేంద్రపాలిత ప్రాంతం కాదని రాజ్యాంగమే వివరించింది.

ఈ లోటును కొంత పూడ్చేది 1956 మే 28న భారత్, ఫ్రాన్సు సంతకాలు చేసిన ఒప్పందం. ఈ ప్రాంతాల ప్రతిపత్తిని మార్చేముందు ప్రజాభీష్టం తెలుసుకోవాలని అది చెబుతోంది. రాష్ట్ర ప్రతిపత్తి కోరుతున్న పుదుచ్చేరి అడిగేది కూడా ప్రాథమికంగా ఇదే: తన భవిష్యత్తుపై తన శాసనసభ మాట రాజ్యాంగ హక్కుగా చెల్లాలని. రాష్ట్రాల సభలో ఒక్క స్థానం ఆ హక్కుకు ప్రత్యామ్నాయం కాజాలదు.