చదివే చోటే రాసే పరికరం: వెబ్ ఎడిటర్ పుట్టుపూర్వోత్తరాలు

ప్రపంచంలోని మొట్టమొదటి వెబ్ బ్రౌజర్ చదవడానికే కాక రాయడానికి కూడా పనికివచ్చే ఎడిటర్ కావడం వెబ్ చరిత్రలోని మిక్కిలి ముచ్చటైన విశేషం. జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1990 చివరి నెలల్లో నెక్స్ట్ కంప్యూటర్‌పై తయారుచేసిన ఆ ప్రోగ్రాంలో తెరపై కనబడే పేజీలోనే వాక్యాన్ని మార్చవచ్చు, స్టైల్ మెనూతో ఒక పంక్తిని శీర్షికగా మలచవచ్చు, ఒకచోట గుర్తుపెట్టి మరొకచోటి నుంచి దానికి లంకె వేయవచ్చు. ఏది శీర్షికో ఏది పేరానో బ్రౌజరుకు తెలిపే హెచ్‌టీఎంఎల్ ట్యాగులతో రచయితకు నిమిత్తమే ఉండేది కాదు.

ఇంతటి పని కొద్ది నెలల్లోనే నెరవేరడానికి, పాఠాన్ని దిద్దే సాధనాలు నెక్స్ట్ యంత్రంలో ముందే అమరి ఉండడం ముఖ్యకారణం. ఆ సాధనాల వంశమూలం కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ ప్రయోగశాలలో ఉంది. అక్కడ 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ ఆల్టో కంప్యూటర్ కోసం నిర్మించిన బ్రావో, ముద్దక్షరాలను ముద్దగానే, వాలు అక్షరాలను వాలుగానే తెరపై చూపించి, కాగితంపై రాబోయే రూపాన్ని ముందే కళ్లకు కట్టింది. అయితే అందులో ఆజ్ఞలిచ్చే స్థితి వేరు, అక్షరాలు చేర్చే స్థితి వేరు కావడంతో, ఆజ్ఞాస్థితిలో ఉన్న సంగతి మరచి ‘ఎడిట్’ అనే ఇంగ్లీషు మాటను టైపు చేస్తే, ‘ఇ’ మొత్తం పాఠాన్ని ఎంచుకునేది, ‘డి’ దాన్ని తుడిచేసేది, ‘ఐ’ కొత్త పాఠానికి చోటిచ్చేది, చివరకు రచన అంతా పోయి ‘టి’ అనే ఒంటి అక్షరం మిగిలేది.

ఈ చిక్కును తొలగించడమే లక్ష్యంగా పెట్టుకున్న లారీ టెస్లర్, పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ గిన్ అండ్ కంపెనీ తరఫున వచ్చిన టిమ్ మాట్‌తో కలిసి 1975 ప్రాంతంలో జిప్సీ అనే ఎడిటర్‌ను రూపొందించాడు. రాతప్రతులను కత్తెరతో కత్తిరించి జిగురుతో అతికించే సంపాదకుల అలవాటు అందులో కట్, పేస్ట్ ఆజ్ఞలుగా అవతరించింది. కర్సర్ ఎక్కడుంటే అక్కడ, ఏ ఆజ్ఞా ఇవ్వకుండానే, అక్షరాలు పడే సౌలభ్యమూ కుదిరింది. ఇంజనీర్ల ఊహకంటె పుస్తకాలు దిద్దేవారి చేతి అలవాటును ప్రమాణంగా తీసుకున్న ఆ వివేకం, తరవాతి కాలపు ఆవిష్కరణలెన్నిటికంటెనూ గొప్పది.

అయితే సెర్న్ ఎడిటర్‌కు ఎక్కువమంది చేతికి చేరే భాగ్యం దక్కలేదు. నెక్స్ట్ యంత్రాలు అరుదు కావడంతో, ఇతర కంప్యూటర్ల కోసం వచ్చిన సాదా బ్రౌజర్లు, ఆపై 1993లో వెబ్‌ను లోకానికి పరిచయం చేసిన మొజాయిక్, చదవడానికే పరిమితమయ్యాయి. రాసే హక్కు ట్యాగులు నేర్చినవారికి, వేరే సాఫ్ట్‌వేర్ కొనగలవారికి మిగిలింది. పాఠకుడూ రచయితా ఒకే పేజీ మీద నిలిచే అవకాశం ఆ విధంగా చేజారడం వెబ్‌కు జరిగిన పెద్ద నష్టం.

2000లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5 బ్రౌజర్ పేజీలో ఒక భాగాన్ని దిద్దదగినదిగా ప్రకటించే ఏర్పాటు చేయగా, 2003లో మొజిల్లా కూడా అటువంటి సదుపాయం కల్పించింది. ఈ సదుపాయాలపై ఆధారపడి 2004లో స్వీడన్‌కు చెందిన మాక్సీకోడ్ సంస్థ టైనీఎంసీఈ అనే ఎడిటర్‌ను విడుదల చేసింది. బొత్తాల వరుస కింద తెల్లని పెట్టె గల ఈ ఎడిటర్‌ను బ్లాగులు, వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ 2005 చివరలో తన 2.0 కూర్పులో చేర్చుకొంది. పోయిన సౌకర్యం తిరిగి వచ్చినా, అది పాఠకుడు చూసే పేజీలో గాక, లాగిన్ వెనుక దాగిన వేరొక గదిలో వచ్చింది.

తెలుగు రచయితలకు ఈ పెట్టెలో మరొక అవరోధం ఎదురైంది. పత్రికల డీటీపీలో స్థిరపడిన అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను నిలిపినవి కనుక, ఆ పాఠాన్ని ఇందులో పేస్ట్ చేస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు పరచుకొంటాయి. తెలుగు అక్షరాలకు వాటివైన సంకేతాలున్న యూనికోడ్‌లోకి మార్చుకున్నాకనే బొత్తాలతో పని.

2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ ప్రతి పేరానూ విడి దిమ్మెగా చూసే బ్లాక్ ఎడిటర్‌ను ప్రవేశపెట్టినప్పుడు, పాతదాన్ని క్లాసిక్ ఎడిటర్ అనే ప్లగిన్‌గా, అనగా కోరినవారు విడిగా తగిలించుకునే అనుబంధంగా, అందుబాటులో ఉంచింది. పేరాలు ఒకదానిలోనుంచి మరొకదానిలోకి సాగే దీర్ఘవ్యాసం రాసేవారికి ఆ అఖండమైన పెట్టే నేటికీ అనువైనది.