స్త్రీ వేగులు: కాకతీయుల కాలపు రాజనీతి, కథాసాహిత్యం

స్త్రీ వేగులు అనగా రాజు తరఫునగాని మంత్రి తరఫునగాని మారువేషంలోనో, మామూలు వృత్తి చాటునో ఉండి, అంతఃపురాలలోను అధికారుల ఇళ్లలోను జరిగే సంగతులను రహస్యంగా తెలుసుకొని చేరవేసే స్త్రీలు. వీరిని గురించిన నియమాలు రాజనీతి గ్రంథాలలోను, వీరిని పోలిన పాత్రలు సంస్కృతాంధ్ర కథాకావ్యాలలోను కనిపిస్తాయి. శాసనాలు దానాలను, ఆలయ ప్రతిష్ఠలను, విజయాలను లోకానికి చాటడానికి వేయించినవి కాబట్టి, బయటపడకుండా ఉండడమే ప్రాణమైన వేగుల పనికి వాటిలో చోటు ఉండదు. అందువల్ల కాకతీయ యుగపు స్త్రీ వేగు స్వరూపాన్ని శాస్త్రం చెప్పిన విధి నుంచి, కథ కల్పించిన పాత్ర నుంచి గ్రహించవలసి ఉంటుంది.

పాలంపేట నేపథ్యం

వేగుల అవసరాన్ని పెంచిన ఆనాటి పరిస్థితి పాలంపేట చరిత్రలో కనిపిస్తుంది. నేటి ములుగు జిల్లాలో, పూర్వపు వరంగల్ జిల్లాలో ఉన్న పాలంపేటలో కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రుద్రేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించాడు. రామప్ప గుడిగా ప్రసిద్ధమైన ఈ ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 12వ శతాబ్ది చివర కాకతి మహాదేవుడు యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించి, అతని కుమారుడు గణపతిదేవుడు దేవగిరిలో బందీ అయినప్పుడు, రాజ్యభారం మోసి సామంతుల తిరుగుబాట్లను అణచినవాడు రుద్రుడేనని చరిత్రకారులు చెబుతారు. రాజు శత్రువు చేతిలో ఉండి, సామంతుల విధేయత అనుమానాస్పదమైన అటువంటి కాలంలోనే ఎవరి మనసులో ఏముందో తెలుసుకోవలసిన అవసరం మిక్కిలిగా ఏర్పడుతుంది.

ఆలయపు చూరు కింద నల్లరాతిలో మలచిన మదనికల శిల్పాలలో నాట్యగత్తెలు, పాములను ధరించిన నాగిని, కాలిలో ముల్లు తీయించుకొనే స్త్రీ కనిపిస్తారు. వీరిలో ఎవరినీ వేగుగా గుర్తించడానికి ఆధారం లేదు. అయితే నర్తకి, గాయని, పరిచారిక వంటి స్త్రీలు రాజాశ్రయంలో ఎంత చేరువగా మెలిగేవారో తెలుసుకోవడానికి ఈ కాలపు శిల్పంతోపాటు జాయప సేనాని 13వ శతాబ్దిలో రచించిన నృత్తరత్నావళి కూడా తోడ్పడుతుంది.

రాజనీతి గ్రంథాలలో

కౌటిల్యుని అర్థశాస్త్రం వేగులను ఒకే చోట స్థిరంగా ఉండే సంస్థలు, తిరుగుతూ పనిచేసే సంచారులు అని రెండు తెగలుగా విభజించింది. సంచారులలో ఒకతె పరివ్రాజిక, అంటే సన్యాసిని. ఆమె బ్రాహ్మణ వితంతువు, పేదరాలు, జీవనోపాధి కోరేది, మాటకారి అయి ఉండాలని, అంతఃపురంలో మన్నన పొందుతూ మహామాత్రుల, అనగా ఉన్నతాధికారుల, ఇళ్లకు వెళుతుండాలని ఆ గ్రంథం చెబుతుంది. పురుషునికి ప్రవేశం లేని గడపను దాటగలగడమే ఆమె బలం.

సమాచారం చేరవేసే పద్ధతిని కౌటిల్యుడు మరింత వివరంగా చెప్పాడు. లోపలి సంగతులను నర్తకులు, గాయకులు, వాద్యకారులు, కథలు చెప్పేవారు, స్త్రీలు కనిపెడితే, వాటిని భిక్షుకి (భిక్షాటన చేసే సన్యాసిని) బయటి సంస్థకు అందజేస్తుంది. భిక్షుకిని లోపలికి రానివ్వని చోట ద్వారపాలకులో, శిల్పకారిణులో, దాసీలో ఆ పని చేస్తారు; పాటలోనో, పఠనంలోనో, వాద్యంలో దాచిన లేఖతోనో, సంజ్ఞతోనో వార్త బయటకు వస్తుంది. సంస్థలకు సంచారులు, సంచారులకు సంస్థలు ఒకరికొకరు తెలియకూడదు. ముగ్గురి మాట ఒక్కటైనప్పుడే వార్తను నమ్మాలనే నియమం, ఒక్కరి చెప్పుడు మాటతో నిరపరాధిని శిక్షించకుండా రాజును కాపాడుతుంది.

ఈ సంప్రదాయం తరవాతి కాలానికి ప్రధానంగా కామందకుని నీతిసారం ద్వారా సాగింది. తెలుగులో బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి, గణపతిదేవుని మంత్రి శివదేవయ్య పేరిట ఉన్న పురుషార్థసారం కాకతీయుల కాలపు రాజనీతి రచనలు కాగా, వీటిలోని పద్యాలను మడికి సింగన సకలనీతి సమ్మతంలో సంకలనం చేశాడు.

తెలుగు కథలలో

తిక్కనకు అంకితంగా కేతన 13వ శతాబ్దిలో తెలుగు చేసిన దశకుమార చరిత్రము గణపతిదేవుని యుగపు పాఠకుల ముందు రహస్యకార్యం నెరపే స్త్రీలను నిలిపింది. సంస్కృతంలో దండి చెప్పిన మూలకథలో మిథిలా రాజ్యాన్ని వికటవర్మ అపహరించగా, దాన్ని తిరిగి పొందదలచిన ఉపహారవర్మకు తాపసిగా బతుకుతున్న వృద్ధురాలు ఎదురై, అతని పూర్వపు దాదిగా తేలుతుంది. ఆమె కూతురు పుష్కరిక అంతఃపుర వృత్తాంతాన్ని అతనికి తెలిపి, భర్త నిరాదరణకు గురైన రాణి కల్పసుందరికి అతని చిత్తరువును అందజేస్తుంది. తాపసి వేషం, దాది అనుబంధం, రాణివాసంలో చనువు అనే మూడూ కలిసి సైన్యం లేని రాకుమారునికి రాజ్యం సాధించిపెడతాయి. మరొక కథలో గణిక కామమంజరికి ముఖ్య దూతికగా ధర్మరక్షిత అనే బౌద్ధ భిక్షుకి పనిచేస్తుంది. అర్థశాస్త్రం సూత్రప్రాయంగా చెప్పిన భిక్షుకికి ఈ కథలు పేరును, బంధుత్వాన్ని, స్వార్థాన్ని, సాహసాన్ని కల్పించాయి.

ఇతర దేశాలతో పోలిక

కాకతీయ రాజు ప్రతాపరుద్రుని (1289–1323) కాలంలోనే పశ్చిమాసియాలో తలెత్తిన ఉస్మానియా రాజ్యంలో, అనంతర శతాబ్దాలలో ఇటువంటి ఏర్పాటే కనిపిస్తుంది. ఇస్తాంబుల్ అంతఃపుర స్త్రీలకు, వెలుపలి వర్తకులకు, రాయబారులకు నడుమ యూదు స్త్రీలు మధ్యవర్తులుగా వ్యవహరించారు. సుల్తాను మూడవ మెహ్మెద్ తల్లి సఫియే సుల్తానుకు సన్నిహితురాలైన అటువంటి మధ్యవర్తి ఎస్పెరాంజా మల్కీ 1600లో అశ్వికదళం తిరుగుబాటులో హతమైంది. తెర వెనుక పలుకుబడి పొందిన స్త్రీకి బయట రక్షణ ఎంత తక్కువో ఆమె మరణం తెలుపుతుంది.

ఆధునిక రచనలు

కాకతీయ చరిత్రను ఆధారం చేసుకున్న ఆధునిక రచనలలో గూఢకార్యం తరచు పురుషుని చేతిలోకి వెళ్లింది. వేదము వేంకటరాయశాస్త్రి ప్రతాపరుద్రీయ నాటకంలో మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషంలో ఢిల్లీ చేరి, అక్కడ బందీగా ఉన్న ప్రభువు ప్రతాపరుద్రుని విడిపిస్తాడు. అడివి బాపిరాజు నవలలో గోన గన్నారెడ్డి పైకి గజదొంగగా కనిపిస్తూ కాకతీయ రాణి రుద్రమదేవికి మేలు చేస్తాడు. స్త్రీ వేగును కథానాయికగా ఎంచుకొనే రచయితకు కౌటిల్యుని పరివ్రాజిక, కేతన తెనిగించిన కథలలోని పుష్కరిక బలమైన ఆధారాలు. అటువంటి పాత్రను కల్పనగానే పాఠకుని ముందుంచి, ఆమె పని తీరును మాత్రం శాస్త్రానికి, కాలానికి తగినట్లు చిత్రిస్తే, శాసనాలలో పేరు నమోదు కాని స్త్రీల తెలివికి, సాహసానికి సాహిత్యంలో న్యాయం జరుగుతుంది. చరిత్రకూ అపచారం కలగదు.