సీమలో చలికాలపు భోజనము



మార్గశిరము వచ్చినది. వేకువజామున నల్లరేగడి చేలమీదినుండి వచ్చు గాలి ఎముకలను కొఱుకుచున్నది. ఇట్టి దినములలో కంబళి కప్పుకొని పొయ్యిముందర కూర్చున్నవానికి వేడి సంగటిముద్దయు, దాని నడుమ గుంటలో నేయియు, ప్రక్కన ఉలవకట్టును లభించినచో అంతకంటె సుఖ మేమి కలదు? ఈ యాహారముయొక్క చరిత్రను గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని.

ఈ విషయమున నాకు జిజ్ఞాస కలిగించినవాడు ఒక బాలుడు. నేను పాఠశాలలో నుండిన కాలమున, ఒక పుష్యమాసమందు, ఆముక్తమాల్యదలోని భోజనవర్ణనలను బోధించుచుంటిని. విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి అన్నము పెట్టిన విధమును శ్రీకృష్ణదేవరాయలు ఆ కావ్యమున వర్ణించెను. చలికాలమునకు కమ్మని వాసనగల బియ్యపుటన్నము, మిరియపుపొడి చల్లిన వేడికూరలు, ముక్కున కెక్కు ఆవపచ్చళ్లు, పాయసము, కాగిన నేయి, పాలు చెప్పెను. నేను రుచిరముగా వ్యాఖ్యానించుచుండగా ఆ బాలుడు లేచి, “అయ్యవారూ, రాయలవారి కాలములో సంగటి లేదా?” అని యడిగెను. “పద్యములో లేదు, కూర్చో” అంటిని. ఆ మధ్యాహ్నమే అతడు అన్నము తెచ్చుకొన్న తోడిపిల్లలకు కనబడకుండ గోడచాటున కూర్చుండి తన సంగటిముద్దను తినుచుండుట చూచితిని. నా మాట వానికి ఎట్లు తగిలెనో అప్పుడు బోధపడినది. నాడు చెప్పవలసిన సమాధానమును నేడు చెప్పుచున్నాను.

రాయలు 1509 మొదలు 1529 వఱకు రాజ్యము చేసెను. ఆయన దినములలోనే డొమింగో పేయిస్ అను పోర్చుగీసు యాత్రికుడు విజయనగరమునకు వచ్చి తాను చూచిన దంతయు వ్రాసిపెట్టెను. అంగళ్లలో వరిధాన్యముతోపాటు జొన్నలు, పెసలు, ఉలవలు మొదలగునవి విస్తారముగా నుండెననియు, సామాన్యజనుల ఆహారము ఇట్టి గింజలే యనియు, అవి మిక్కిలి చౌకయనియు అతడు తెలిపెను. కవి రాజమందిరమునుండి చూచెను. యాత్రికుడు అంగడివీథినుండి చూచెను. ఇద్దరి మాటలను కలిపి చదివిననే దేశచరిత్ర పూర్ణ మగును.

ఈ గింజల వయస్సు రాయలకాలముకంటె మిక్కిలి పెద్దది. కడప జిల్లాలో కుందూనది పరిసరములయందలి హనుమంతరావుపేట మొదలగు నవీనశిలాయుగపు నివేశనములలో, నాలుగువేల యేండ్ల నాటి మాడిన గింజలు శాస్త్రజ్ఞులకు దొరకినవి. అందు ఉలవలు, పెసలు, కొఱ్ఱజాతి చిఱుధాన్యములు గలవు. ఉలవ మన దక్షిణదేశముననే సేద్యమునకు వచ్చిన పంట. జొన్న, సజ్జ, రాగి మాత్రము ఆఫ్రికాఖండమున పుట్టి, క్రీస్తునకు పూర్వమే మన దేశము చేరినవి. మిరపకాయయు, వేరుసెనగయు అమెరికాఖండమునుండి పోర్చుగీసువారి రాకతరువాత వచ్చినవి. కావుననే రాయల పద్యమున మిరియమే గాని మిరప లేదు. నేడు మనము రోటిలో నూరు శెనక్కాయల ఊరుబిండి సంగటికంటె ఎంతో చిన్నది!

రాగికి గౌరవమిచ్చిన కవియు లేకపోలేదు. పొరుగున కన్నడదేశమందు, 16వ శతాబ్దమున, కనకదాసు రామధాన్యచరిత్రమను కావ్యమును రచించెను. వరికిని రాగికిని నేను గొప్ప యనగా నేను గొప్ప యని తగవు పుట్టెను. శ్రీరాముడు రెండింటిని ఆఱునెలలు చెరలో నుంచెను. వరి చెడిపోయెను, రాగి చెక్కుచెదరలేదు. రాముడు రాగికే జయ మిచ్చెను. ఇది కవికల్పనయే యైనను అందు రైతు అనుభవ మున్నది. పాతరలోని రాగులు ఏండ్లతరబడి పురుగు పట్టక నిలుచునని మీ రెఱుగుదురు. వాన నమ్మరాని సీమలో నిలువయుండు గింజయే ధనము.

ఇక వంట. పిడికెడు నూకలను నీటిలో మెత్తగా ఉడికించి, నడుమ రాగిపిండి పోసి, కలుపక, కట్టెతో రంధ్రములు చేసి మూతపెట్టి సన్నని సెగమీద మగ్గనీయవలెను. పచ్చివాసన పోయినపిదప తెడ్డుతో ఉండలు లేకుండ కెలికి, తడిచేతితో ముద్ద చేయవలెను. తొందరపడినవారికి సంగటి కుదరదు. ఎద్దులకై కుండెడు ఉలవలు ఉడుకుచుండెడివి. గుగ్గిళ్లు ఎద్దులకు, కట్టు మనుష్యులకు. ఆ కట్టులో చింతపులుసు, వెల్లుల్లి, జీలకఱ్ఱ, మిరియము చేర్చి చిక్కబడువఱకు మరిగించిన వాసన వీథి చివరికి వచ్చెడిది. సజ్జపిండిలో నువ్వులు చల్లి చేతితో తట్టిన రొట్టె, నిప్పులపై కాల్చి నలిచిన పాలజొన్నకంకుల ఊచబియ్యము, ఇవియు చలిదినముల భోగములే. వేడిమి, చిక్కదనము, ఘాటు, చమురు: రాయల పద్యమున నున్న గుణము లన్నియు మన కుండలోను గలవు.

ఈ గింజలు లేనినాడు ఏమయ్యెనో 1876–78 నాటి ధాత కరువు చూపినది. పాతరలు వట్టిపోగా, 1877లో కరువుపనులయందు మగవాని దినకూలి ఒక పౌను ధాన్యమును, ఒక యణాయును మాత్రమే యయ్యెను. అది ప్రాణము నిలుపజాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించెను. అంతటి ఆకలి నెఱిగిన సీమలో 1983లో కిలో బియ్యము రెండురూపాయల కిచ్చుట మహోపకారమే. దానిని నేను నిందింపను. కాని పొలమునుండి కొఱ్ఱ తొలగెను. ఇంటినుండి తిరుగలి తొలగెను. సంగటి బీదవాని గుర్తుగా మిగిలెను. 2023వ సంవత్సరమును చిఱుధాన్యముల వత్సరముగా ఐక్యరాజ్యసమితి జరిపినపిమ్మట అదే సంగటి పట్టణములలో గొప్ప వెలకు అమ్ముడుపోవుచున్నది. పిండి అంగడిలో దొరకును. కెలుకు నేర్పు దొరకదు. అది మీ యింటి ముసలమ్మల చేతులలో నున్నది.

కావున, పెద్దలారా, ఈ చలికాలమున మనుమలను, మనుమరాండ్రను పొయ్యియొద్ద కూర్చుండబెట్టుకొని తెడ్డు వారి చేతి కిండు. చేనిలో నాలుగుసాళ్లు కొఱ్ఱ చల్లుడు. ఆ బాలు డిపు డెచ్చట నున్నాడో నే నెఱుగను. ఈ ప్రసంగము వాని చెవిని బడినచో నా యాలస్యపు సమాధాన మిది: “ఉన్నది, నాయనా. నీ ముద్దలోని గింజ రాయలకంటె పాతది. గోడచాటున తినవలసినది కాదు.”

సెలవు.