గుర్రపుడెక్కను తినే ముక్కుపురుగు: వాన చెరువులలో దాని బలము, పరిమితి

పశ్చిమ కనుమల పాదభాగాన ఉన్న రాజపాళయం ప్రాంతంలో కణ్మాయి అని పిలిచే వాన చెరువులు వరిసాగుకు, పశువులకు, చుట్టుపక్కల బావులకు ఆధారము. ఇటువంటి చెరువులకు పెద్ద బెడద గుర్రపుడెక్క. తమిళులు దీనిని ఆగాయత్తామరై, అంటే ఆకాశ తామర అంటారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్క నీటిపై తెట్టులా పరచుకొని వెలుతురును అడ్డగిస్తుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు నశిస్తాయి. తూములు, కాలువలు పూడుకుపోతాయి.

పుట్టిన గడ్డపై దీనిని అదుపులో ఉంచే సహజ శత్రువులు ఉన్నవి. వాటిలో నియోకెటీనా జాతికి చెందిన రెండు ముక్కుపురుగులను 1980వ దశకంలో మన దేశానికి తెప్పించి, ఇతర పంటలను తినవని పరీక్షించిన పిదప బెంగళూరు పరిసర చెరువులలో వదిలారు. అక్కడ కొన్నేళ్ళలో మంచి ఫలితం కనిపించింది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులోనూ 1995 నుండి వీటిని వదిలారు. ఆ దశకం ముగిసేసరికి తెట్టు బాగా తగ్గింది.

పెద్ద పురుగు ఆకును గీకి తింటుంది. పిల్లపురుగు కాడను తొలుచుకుంటూ మొదలు వరకు పోతుంది. ఆ రంధ్రాల గుండా నీరు, కుళ్ళు చేరి మొక్క కుంగుతుంది. పిలకలు, పూలు తగ్గుతాయి. పురుగు మొక్కను ఒక్కసారిగా చంపదు, ఏళ్ళ తరబడి నీరసింపజేస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. పురుగు కోశదశ గడిపేది నీటిలోని వేళ్ళపైన. ఈశాన్య ఋతుపవనాలతో నిండిన చెరువు వేసవిలో ఎండితే మొక్కతో పాటు పురుగూ నశిస్తుంది. విత్తనాలు మాత్రం బురదలో ఏళ్ళ తరబడి బ్రతికి, మరుసటి వానకు మొలుస్తాయి. మొక్క ముందు వస్తుంది, పురుగు రాదు. కలుపు మందు చల్లినా, మొత్తం పీకివేసినా ఇదే జరుగుతుంది.

కనుక ఏటా ఎండే చెరువులో పురుగుపైనే భారం వేయరాదు. పూత రాకముందే మొక్కను తీయించడం, వేసవిలో విత్తనాలున్న పూడికను తొలగించడం, మొక్కకు ఎరువయ్యే మురుగునీటిని చెరువులో చేరనీయకపోవడం ముఖ్యము. నీరు ఎండని మడుగులలో మాత్రం, పురుగు పట్టిన మొక్కలను ఒక మూల కట్టడి చేసి మిగల్చడం మేలు. మరుసటి ఏటికి అవే పురుగుల విత్తనము.