సున్నా అయ్యేదాకా: ముత్యాల గర్భం చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. ఆడవాళ్ల విషయం కదా అని అబ్బాయిలు దాటేయొద్దు.

నెదర్లాండ్స్‌లో ఇప్పుడు హేగ్ నగరంలో కలిసిపోయిన లోస్‌డౌనెన్ అని ఒక పాత ఊరు. అక్కడి చర్చిలో రెండు పళ్లేలు ఉన్నాయి. 1276లో మార్గరెట్ అనే దొరసాని ఒకే కాన్పులో 365 మందిని కన్నదని, వాళ్లందరికీ ఆ పళ్లేల్లోనే బాప్తిస్మం ఇచ్చారని కథ. కవలల్ని ఎత్తుకుని వచ్చిన ఒక పేదరాలిని ఆమె అవమానించిందట, ఆ తల్లి శాపం పెట్టిందట. ఆ కథ వెనక ముత్యాల గర్భం ఉండొచ్చని తర్వాతి కాలపు డాక్టర్లు అనుకున్నారు. అంటే కడుపులో బిడ్డకు బదులు మాయ నీటిబుడగల గుత్తిలా పెరగడం. నెల తప్పుతుంది, వాంతులు బాగా అవుతాయి, కడుపు నెలలకు మించి పెరగొచ్చు, తర్వాత రక్తస్రావం మొదలవుతుంది.

శాపం, దిష్టి, చేతబడి అని మనోళ్లే అంటారని వెక్కిరించేవాళ్లు ఈ దొరసాని కథ ఒకసారి వినాలి. ఎక్కడైనా నింద ఆడదాని మీదికే వెళ్లింది. 1977లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చిన విషయం వేరే. పూర్తి ముత్యాల గర్భంలో కణ కేంద్రకంలోని క్రోమోజోములన్నీ తండ్రి వైపువే, తల్లివి ఒక్కటీ ఉండవు. అలాగని తండ్రి తప్పు అని కాదు. ఫలదీకరణలో జరిగే పొరపాటు అది, ఎవరి పాపమూ కాదు.

ఇది అరుదైనదే, పాశ్చాత్య దేశాల లెక్కల్లో సుమారు వెయ్యి గర్భాలకు ఒకటి. గర్భసంచి శుభ్రం చేస్తే ఎక్కువమందికి అక్కడితో తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. ఇంకా అరుదుగా అది కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ అవుతుంది, ఊపిరితిత్తులకు, మెదడుకు పాకుతుంది. ఈ క్యాన్సర్ గర్భం నుంచే పుడుతుందని జర్మన్ వైద్యుడు మార్షాంద్ 1895లో చూపించాడు. కానీ మందు లేదు. పాకిందంటే బతికేవాళ్లు చాలా తక్కువ.

అదే 1895లో భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. సొంత అన్న స్ప్రూ జబ్బుతో పోవడం చూసినవాడు. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, తర్వాత దాన్ని అడ్డుకునే మందులు చేసింది. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. అది ఏమేం చేయగలదో పూర్తిగా చూడకుండానే 1948లో ఆయన చనిపోయాడు.

1950ల మధ్యలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ అనే చైనా డాక్టర్, రాయ్ హెర్ట్జ్ ఈ మందును కోరియోకార్సినోమా రోగులకు ఇచ్చారు. ఎక్స్‌రేలో గడ్డలు మాయమయ్యాయి! గర్భం వస్తే ఒంట్లో కనిపించే హెచ్‌సీజీ అనే హార్మోన్ మాత్రం మూత్రంలో ఇంకా కొంచెం వస్తూనే ఉంది. అది సున్నా అయ్యేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. బాగైన మనిషికి విషం ఎక్కిస్తున్నావని పైవాళ్లు కోప్పడ్డారు, చివరికి ఉద్యోగం నుంచే పంపేశారు. తర్వాత చూస్తే, ముందే మందు ఆపినవాళ్లకు జబ్బు తిరగబెట్టింది, లీ చూసినవాళ్లకు తిరగబెట్టలేదు. మందులతోనే నయమైన మొదటి గడ్డ క్యాన్సర్ ఇదే. 1972లో లీకి, హెర్ట్జ్‌కి లాస్కర్ అవార్డు వచ్చింది. ఉద్యోగం తీసేసినవాళ్లు అప్పుడేమనుకున్నారో!

మాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది బ్రిటన్ చేసిన పని. 1973 నుంచి అక్కడ ముత్యాల గర్భం వచ్చిన స్త్రీల పేర్లు నమోదు చేస్తున్నారు. వాళ్లు ఇంటి నుంచే పోస్టులో మూత్రం శాంపిల్ పంపితే, పెద్ద కేంద్రంలో పరీక్ష చేసి ఫలితం చెప్తారు. అంటే పరీక్షే మనిషి దగ్గరికి వెళ్లింది.

మన ఏజెన్సీలో సంగతి ఆలోచించండి. కడుపు కడిగారు, ఇంటికొచ్చేశాం, పని అయిపోయింది అనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలు. హెచ్‌సీజీ మామూలుకు దిగేదాకా వారం పది రోజులకోసారి, తర్వాత కొన్ని నెలలు నెలకోసారి పరీక్ష చేయించాలి. అన్నాళ్లూ మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలి, ఎందుకంటే కొత్త గర్భం వస్తే అదే హార్మోన్ పెరిగి పాత జబ్బు దాగిపోతుంది. వారం వారం ఘాట్ రోడ్డు దిగాలంటే బండి ఖర్చు, పోయిన కూలి, ఇంట్లో చంటిపిల్లలు. రాలేదని ఆ అక్కను తిట్టే ముందు ఆ దారి ఒకసారి నడవాలి.

ఇంకొకటి, నర్సింగ్, ఎంబీబీఎస్ చదివే మన పిల్లల కోసం. ఈ క్యాన్సర్ మామూలు కాన్పు తర్వాత, గర్భస్రావం తర్వాత కూడా రావొచ్చు, నెలలు గడిచాక కూడా. ఊపిరితిత్తులకు పాకితే దగ్గులో రక్తం పడుతుంది. మన కొండల్లో దగ్గులో రక్తం అంటే ముందు టీబీయే గుర్తొస్తుంది. టీబీ పరీక్ష చేయించండి, దాంతోపాటు ఆఖరి కాన్పు ఎప్పుడు, గర్భం ఏమైనా పోయిందా అని కూడా అడగండి. అనుమానం ఉంటే హెచ్‌సీజీ పరీక్ష రాయించండి. తొందరగా పట్టుకుంటే ఇప్పుడు ఇది దాదాపు అందరికీ నయమవుతుంది, చాలామంది తర్వాత పిల్లల్ని కూడా కన్నారు. డిశ్చార్జి కాగితం మీద ఆ గర్భం పేరు రాసి ఉంటే దాన్ని జాగ్రత్తగా దాచమని ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఇంకో ఆసుపత్రికి వెళ్లినప్పుడు ముందు చూపించాల్సింది అదే.